తిరగెయ్యని చేప

ఇరవై ఎనిమిదో అంతస్తు.
కిటికీ అవతల విక్టోరియా రేవు, దీపాలు నానబెట్టుకుని.
మేనల్లుడు చున్ హో కుర్చీ లాగితే
క్వాయ్ యింగ్ ముందు తన చేతులు వాసన చూసుకుంది.
నిమ్మచెక్కతో మూడుసార్లు రుద్దింది. అయినా.

మెనూ తెరవలేదు, ధరలు చూస్తే ఆకలి చస్తుందని.
టీ పోసిన ప్రతిసారీ
రెండు వేళ్లతో బల్లమీద తట్టింది,
మాట్లాడకుండా పెట్టే దణ్ణం.
పల్చటి పొరలోంచి రొయ్య గులాబీరంగు కనిపిస్తుంటే
"దీనికి చలెయ్యదూ?" అంది కుడుముని చూసి.
చున్ హో ఫోన్‌లో ఉన్నాడు.

అప్పుడొచ్చింది చేప.
అల్లం, ఉల్లికాడలు, పైన ఇంకా చిటపటమంటున్న నూనె.
మొప్ప దగ్గర ఆ తెల్ల మచ్చ!
తెల్లారి నాలుగింటికి అబర్దీన్ బజార్లో
తన తొట్టిలోంచి తనే పట్టి, తూచి,
పది డాలర్లు తగ్గించమన్నవాడితో పోట్లాడి
అమ్మిన గ్రూపర్.
ఇక్కడ దాని ఖరీదు వాడు చెప్పడు. ఆమె అడగదు.

పైపక్క అయిపోయింది.
వెయిటర్ కుర్రాడు రెండు చెంచాలు ఎత్తాడు.
ఆమె ఊపిరి బిగబట్టింది.
పళ్లెంలో చేపను తిరగేస్తే నీళ్లలో పడవ తిరగబడుతుంది.
అన్నయ్య పడవకి, ఆ రాత్రి,
ఎవరింట్లో ఎవరు తిరగేశారో!

కుర్రాడు తిరగెయ్యలేదు.
తోక దగ్గర పట్టి ముల్లు మొత్తం
జడలోంచి దువ్వెన తీసినట్టు లేపేశాడు.

మొదటిసారి అతని మొహంలోకి చూసింది.
"ఏ రేవు మీది?"
"చ్యుంగ్ చౌ, అత్తా." గొంతు తగ్గించి.

చేప బుగ్గలోని మెత్తటి ముక్క తీసి
మేనల్లుడి గిన్నెలో కాదు,
ఖాళీ సాసర్‌లో పెట్టి అతని వైపు జరిపింది.
తినకూడదతను, డ్యూటీలో ఉన్నాడు.
వంగి, రెండు వేళ్లతో
బల్లని తట్టాడు.