నూట పదహారు

మిగతా ఇళ్ళల్లో తిన్నావా అని అడుగుతారు.
మా ఇంట్లో, చెప్పులు విడవకముందే,
"ఎంత?"

పెరంబూరు స్టేషన్ బయట ఆటో ఎక్కేవాళ్ళూ
మల్లెపూలు మూరేసే అక్కతో బేరమాడేవాళ్ళూ
అదే మాట అరవంలో అంటారు: ఎవ్వళవు?
ఊరంతా లెక్కే.
కాకపోతే వాళ్ళ లెక్క చిల్లరతో తెగిపోతుంది.
నాది రెండు గంటలకి మళ్ళీ మొదలు.

ఫ్రిజ్ తలుపులో గుడ్ల పక్కన నా పెన్నులు.
తమ్ముడు చిన్నప్పుడు ఒకదాంతో
గోడమీద ఏనుగుని గీయబోయాడు.

ఎడమ ఉంగరపు వేలు మంచిది, మాట వింటుంది.
చిటికెన వేలు దాచుకున్నాను, పరీక్షల రోజులకి.
మిగతావి బొంబాయి రవ్వలా గరగర.
వీణ టీచరు నా వేళ్ళు తడిమి
బాగా సాధన చేస్తున్నావే అంది.
అవునన్నాను.

రాత్రి మూడింటికి అమ్మ వస్తుంది.
ఫోను వెలుతురు కొంగులో దాచి
నా వేలొకటి తీసుకుంటుంది.
వేలు మేలుకుంటుంది, నేను మేలుకోను.
పొద్దున దిండు మీద ఒక చుక్క,
కుంకుమ రాలినట్టు.
అమ్మ కళ్ళకింద నలుపు చూడనట్టు
నేను కాఫీ ఊదుకుంటాను.

మూడు నెలలకోసారి కీళ్పాక్ డాక్టరు
తొంభై రోజుల్నీ ఒకే అంకెలో చదువుతాడు,
తలూపుతాడు, లేదా పెదవి విరుస్తాడు.
ఆ తొంభై రోజుల్లో
నేను తొమ్మిది కాకుల్ని గీశాను,
ఒకటి నిజంగా ఎగిరేట్టే వచ్చింది.
అది ఆ అంకెలో లేదు.

యాభై నాలుగు దగ్గర మాటలు జారిపోతాయి.
పోయిన నెల కెమిస్ట్రీ ల్యాబ్‌లో
కయల్విళిని అనరాని మాట అన్నాను.
గ్లూకోజు పొడి నాలిక మీద కరుగుతుంటే
అది నేను కాదే, యాభై నాలుగు అన్నాను.
నమ్మింది.
నేనే పూర్తిగా నమ్మలేదు.

అప్పట్నుంచీ ఇంకో చిక్కు.
నాకు కోపమొస్తే చాలు,
ముందు వేలు పట్టుకుంటారు.
వాడు నా కాకిని చింపాడు మొర్రో అంటే
"వేలియ్యి, చూద్దాం."

గూడూరు పిన్ని ఫోనులో
"ఆడపిల్ల, బయట తెలియనియ్యకక్కా" అన్నరోజు
స్పీకరు ఆన్‌లో ఉంది.
పళ్ళెం నెట్టేశాను.
అందులో పొంగల్, కప్పుతో కొలిచిన పొంగల్.
నాన్న మీటరు తెచ్చాడు.
చూడండి, చూడండి అంటూ
పదివేళ్ళూ ఆయన మొహం మీదికి చాచాను.
ఐదు సెకన్లు ఇల్లంతా ఊపిరి బిగబట్టింది.

నూట పదహారు.

ఎవరూ మాట్లాడలేదు.
ఆ కోపాన్ని నెత్తినేసుకోడానికి
చక్కెర ముందుకు రాలేదు.
అది నాది. అచ్చంగా నాది.

మంచం మీంచి జేజి మాత్రం
"నూట పదహార్లే! తాంబూలంలో పెట్టి ఇయ్యండి,
దాని కోపం దానికి చదివించండి" అంది.
మూడేళ్ళుగా మెంతుల నీళ్ళతో నా వెనక తిరిగిన మనిషి,
బెల్లం దొంగిలించావు, అందుకే అన్న మనిషి.
అమ్మ ముందు నవ్వింది. తర్వాత ఏడ్చింది.
నాన్న బాల్కనీ తలుపు వేసుకుని
పిన్నితో ఏం మాట్లాడాడో నాకు తెలీదు.

నిన్న సాయంత్రం మెరీనాలో
కయల్, నేను, అరటికాయ బజ్జీల బండి.
గాలికి ఒక స్ట్రిప్పు ఎగిరిపోయింది,
దాని ఖరీదు రెండు బజ్జీలు.
బండి చాటున కుర్తా అంచెత్తి పెన్ను తిప్పుతుంటే
చీకట్లో అంకె కనపడలేదు.
బండి ఆయమ్మ ఏమీ అడగలేదు.
చిల్లుల గరిటె పక్కన పెట్టి
దీపాన్ని నావైపు తిప్పింది.
ఆరు.
నా పని అయ్యేదాకా అలాగే పట్టుకుంది.
ఈలోగా ఒక వాయి మాడింది.
మాడినవాటికి డబ్బు తీసుకోలేదు.

ఫోను వణికింది. అమ్మ.
ఒకటే మాట: ఎంత?

మూడు, ఇంకోటి తినబోతున్నా, అని రాశాను.

అమ్మ టైపు చేస్తోంది, టైపు చేస్తోంది అని
చాలాసేపు చూపించింది.
తర్వాత అదీ ఆగింది.