ఐదున్నర గంటల తేడా

ఆదోని పత్తి యార్డులో
వేలంపాట ఇప్పుడు కంప్యూటరు పాడుతుంది.
నూట పద్దెనిమిదో లాటుకు
సాయంత్రం పలికిన ధర ఏడువేల ఆరువందల నలభై.
పొద్దున చీటీలో ఆరువేల ఏడువందల నలభై.
ఏడూ ఆరూ చోట్లు మార్చుకున్నాయి, అంతే.
ఆస్పరి నుంచి వచ్చిన మాదన్న
చీటీని వెలుతురుకు పట్టి చూస్తున్నాడు
దొంగనోటును చూసినట్టు.

నన్ను పిలిచినారు. నా పని లాగులు చదవడం.
"లాగంటే నిక్కరు కాదు పెద్దాయనా,
మిషను తనకు తాను రాసుకునే చిట్టా" అంటే
కాపలా ఉరుకుందప్ప నవ్వినాడు,
తన నోటుబుక్కు మీద చెయ్యేసి.

ముందు ఫైర్‌వాల్ లాగు తెరిచినా.
చెక్‌పోస్టు గుమాస్తా రాత అది.
ఎక్కడి బండి, ఏ గేటు, ఎన్ని గంటలకు,
ఆపినామా, వదిలినామా.
టార్పాలిన్ కింద పత్తి ఉందో పాము ఉందో
దానికి పట్టదు.
ఒక్క రాత్రికి నాలుగు లక్షల వరసలు.
అన్నీ చూసింది, ఏదీ ఎరగదు.

లాగిన్ లాగు పొదుపరి.
పేరు, గంట, సరే, కాదు.
వరసగా పదకొండు కాదులు కనబడితే
నాకు నిద్ర పట్టదు.
ఈసారి కాదులు లేవు. ఒకే ఒక్క సరే.
సుంకులమ్మ, ఎనిమిదీ నలభై.
తాళంచెవి తిరిగింది నిజమే,
తిప్పిన వేళ్ళెవరివో తాళానికేం తెలుసు?

సిస్టమ్ లాగు ముసలాయన మూలుగు.
కరెంటు పోయింది, వచ్చింది, డిస్కు నిండుతోంది.
దాంట్లో నేను భయపడేది ఒక్క మాటకే,
లాగు తుడిచేసినారు, అన్న మాటకు.
అది లేదు.
వచ్చినవాడికి తుడవడం రాదు,
లేదంటే తుడవాల్సిన పనే లేదనుకున్నాడు.

అప్లికేషన్ లాగుది వసపిట్ట నోరు.
పేజీ తెరిచినా, పేజీ మూసినా,
ప్రింటరు పలకలేదు, మళ్ళీ అడిగినా,
మళ్ళీ అడిగినా.
దాన్ని రాసిన పిల్లోడు
తన తప్పులు వెతుక్కోను రాసుకున్నాడు,
దొంగను వెతకను కాదు.
అయినా మొత్తం చదివినా. టీ రెండుసార్లు చల్లారింది.

డేటాబేసు ఆడిట్ లాగు ఒక్కటే
పాత అంకెనూ కొత్త అంకెనూ పక్కపక్కన పెడుతుంది,
కొట్టివేత కింద పాతరాత కనబడేలా గీసే కరణంలాగా.
అయితే చేసిందెవరంటే
లాగిన్ చెప్పిన పేరే తిరిగి చెబుతుంది.
సొంత కళ్ళు లేవు దానికీ.

సెక్రటరీ గదిలో అప్పటికే తీర్పయిపోయింది.
"ఎనిమిదీ నలభైకి ఆయమ్మ ఈడే ఉంది గదా,
తొమ్మిదికి పోయినట్టు కాపలా బుక్కులోనే ఉంది."
సుంకులమ్మ ఏం మాట్లాడలేదు.
కొంగుకంటిన పత్తి పోగుల్ని
ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుంటోంది.

అప్పుడు చూసినా,
లాగిన్ లాగులో గంట పక్కన సున్నాల తోక.
మన గడియారం కాదది.
పెట్టెలోంచి తీసిననాటి సీమగంట,
ఎవరూ తిప్పకుండా వదిలేసింది.
ఐదున్నర కలపాల.
వేళ్ళ మీద కలిపినా, మళ్ళీ కాగితం మీద.
అర్ధరాత్రి దాటి రెండూ పది.

ఫైర్‌వాల్ మన గంటే రాస్తుంది.
రెండూ తొమ్మిదికి బయటినుంచి ఒక బండి,
వదిలినాము.
నాలుగు లక్షల్లో ఒక వరస.
ఉరుకుందప్ప బుక్కులో, పెన్సిలుతో,
"2 గం. కుక్కలు మొరిగినాయి. గది తాళం చూసినా. ఉంది."

సుంకులమ్మ ఇంట్లో ఉన్నది బటన్ ఫోను.
ఆమె పాస్‌వర్డు మాత్రం
మానిటరు అంచున పసుపుపచ్చ చీటీ మీద,
యార్డుకొచ్చే ప్రతి కమీషన్ ఏజెంటుకూ
కనబడే ఎత్తులో.

ఎవరని అడిగినారు.
ఆ చీటీ చదివినోళ్ళలో ఒకరు, అన్నా.
అంతకు మించి ఏ లాగూ చెప్పలేదు,
నేనెట్లా చెప్పేది?

మాదన్న చీటీలో ఏడు మళ్ళీ ముందుకొచ్చింది.
సుంకులమ్మ పసుపు చీటీ పీకి నమిలినంత పని చేసింది.
మిషన్లన్నిటికీ ఒకే గంట పెట్టినా.

ఉరుకుందప్ప చేతిగడియారం ఏడు నిమిషాలు ముందు.
దాన్ని ముట్టుకోలేదు.
ఏడు తీసి చదవాలని
ఆయన బుక్కు అట్ట లోపల రాసిపెట్టినా.