కోత అయిన మూడో రోజు

గినీ గడ్డి కోసి మూడు రోజులైంది.
మోళ్ళ మీద అప్పుడే ఒక్కో పచ్చ నాలుక.
ఇనప గొట్టం, సుత్తి, జల్లెడ,
నంబర్లు రాసిన ప్లాస్టిక్ సంచులు పట్టుకుని
పద్మనాభం బస్సు దిగి నడిచొచ్చాను.

నూకరత్నం గట్టు మీదే ఉంది.
"మల్లీ తవ్వుతావేటి?
పైన నాను కోత్తే కింద నువ్వు కోత్తావా?"

నవ్వి, గొట్టం దించాను.
ఒక్క దెబ్బకి జానెడు దిగింది.
ఆరేళ్ళ కిందట ఇదే చోట
గునపం నిప్పులు రాల్చిందట.
పై మట్టంతా లారీలు తోడుకుపోయిన నేల ఇది.
మధురవాడ లేఅవుట్లకి గ్రావెల్ కింద అమ్ముడైపోయి
కుండపెంకులా మిగిలిన అరెకరం.
వాన పడితే చుక్క లోపలికి పోయేది కాదు,
ఎర్రగా, పరుగున, గెడ్డలోకి,
గెడ్డ నుంచి గోస్తనిలోకి.
ఆవు పొదుగు పేరున్న ఏట్లో నెత్తుటి జీర.
భీమిలి దగ్గర సముద్రం
తాంబూలం ఉమ్మినట్టుండేది.

డెయిరీ వాళ్ళిచ్చిన పిలకలు నాటింది.
మొదటేడు సగం చచ్చాయి.
రెండో ఏడు మేకలు పడ్డాయి.
మూడో ఏటి గురించి ఆమె ఏమీ చెప్పదు.

గొయ్యి నా భుజాల దాకా వచ్చింది.
పైన జానెడు మేర వేళ్ళు దట్టంగా, జడ విప్పినట్టు.
నడుము దగ్గర పలచబడి,
అడుగున, రాతి పగులులో ఒక్కటే వేరు,
తెల్లగా, కుట్టుదారమంత,
చూసేవాళ్ళు లేరని తెలిసీ తిన్నగా పోతోంది.

జల్లెడ బకెట్లో ముంచి కడుగుతాను.
మట్టి ఊరికే వదలదు.
ఆవగింజంత ఉండలుగా వేరుని కరుచుకుని ఉంటుంది,
వేరే తన జిగురు పెట్టి చుట్టుకున్న ఉండలు.
తెల్లవి, బతికున్నవి, ఒక సంచిలో.
గోధుమరంగువి, గిల్లితే తొక్క జారేవి, ఇంకో సంచిలో.
ఈసారి రెండోదే బరువు.

"కోసినప్పుడల్లా కింద కొన్ని చచ్చిపోతాయి రత్నమ్మా.
ఆకు లేదు కదా, తిండి పంపేదెవరు?
కొన్నాళ్ళు వేరు పెరగడమే మానేస్తుంది."

సంచి అందుకుని ఎండకి పట్టి చూసింది.
"దూడ పోయిన ఆవు సేపుద్దేటి?
రెండ్రోజులు బిగబట్టేత్తది. మరి ఒగ్గేత్తది.
దీనికీ దుక్కం ఉండొద్దా?"

నా నోటుపుస్తకంలో ఆ మాటకి గడి లేదు.

చివరిది నీళ్ళ పరీక్ష.
ఇనప రింగు నేలలో దిగ్గొట్టి
బిందెడు పోసి వాచీ చూడటం.
దారి పక్క బోడినేల మీద పోసినవి
మేం టీ తాగి, ఆమె పాకలో పేడ ఎత్తి వచ్చేదాకా
ఆకాశాన్ని చూస్తూ అలాగే ఉన్నాయి.
గడ్డి మొదళ్ళ మధ్య పోసినవి
పెన్ను మూత తీసేలోపు లేవు.

"నా బిందెడు నీల్లు ఏవైపోనాయే?"

చచ్చిన వేళ్ళు ఖాళీ చేసిన గదుల్లోంచి,
ఆ సూదిబెజ్జాల సందుల్లోంచి పోతున్నాయి
అని చెప్పబోయి
"కిందికి" అన్నాను.

సాయంత్రం మధురవాడ, నాలుగో అంతస్తు.
గోళ్ళలో ఎర్రమట్టి బ్రష్షుకీ రాదు.
వాన.
పార్కింగులో నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి.
వాచ్‌మన్ అప్పలకొండ చీపురుతో తోస్తున్నాడు,
ఎటు తొయ్యాలో తెలీక అటొకసారి, ఇటొకసారి.
ఈ పునాది కింద
ఎవరి అరెకరం ఉందో.

ఫోన్ మోగింది. అవతల రేకుల మీద వాన చప్పుడు,
దాని మీంచి అరుస్తోంది నూకరత్నం:
"పక్కోడి సేనంతా గెడ్డలోనే ఉన్నాది.
నా దాన్లోంచి ఇంకా పాయ దిగనేదు.
టయిం రాసుకో!"

రాసుకున్నాను.
ఆరూ నలభై.