పలుపు

"మాండేట్" అన్నాడు కెప్టెన్.
దుబాసీని నేను.
మా నూయెర్ భాషలో ఆ మాటకి మాట లేదు.
గేటు దగ్గర, ఇంకా సరిగా తెల్లారని పొద్దున,
చంకల్లో గొడ్డళ్ళతో నలభై మంది ఆడవాళ్ళు
నా నోటికేసి చూస్తున్నారు.
మొదట 'అనుమతి' అన్నాను. ఎవరూ కదల్లేదు.
'ఆజ్ఞ' అన్నాను.
"ఎవరిది?" అంది ముసలి న్యాజువోక్, పుల్ల నములుతూ.
చివరికి, పలుపు అన్నాను.
వీళ్ళని గుంజకి కట్టి పంపారు,
పలుపు మట్టికట్ట దాకానే.
అప్పుడు తలలూపారు.
మందలున్న రోజుల్లో పుట్టినవాళ్ళు కదా.

కట్టకి లోపల జొన్నలిస్తారు, కొలిచి.
అవి ఉడకాలంటే కట్టెలు మాత్రం బయట,
తుమ్మల వరసలో, గంటన్నర నడక.
మగవాళ్ళు వెళ్తే శవాలు దొరుకుతాయి.
ఆడవాళ్ళు వెళ్తే తిరిగొస్తారు,
ఎలా వచ్చినా.
అందుకే ఆడవాళ్ళు వెళ్తారు.
ఈ లెక్క ఎవరూ పైకి చెప్పరు,
గిన్నెలు తోముతూ తేల్చేస్తారు.
మా గుడారంలోంచి అమ్మ.
చెల్లెలికి పదమూడు వచ్చాయి మరి.

"ఏమని చెప్పావు?" అడిగాడు కెప్టెన్.
మంగోలియా మనిషి. ఎండకి పెదాలు పగిలి,
నీలి హెల్మెట్ కింద చెమట.
తాడు అన్నాను సార్, పశువుని కట్టే తాడు.
నవ్వుతాడనుకున్నాను.
బూటు కొసతో మట్టిలో ఒక గీత గీశాడు.
వాళ్ళ ఊళ్ళో గుర్రాలని
రెండు గుంజల మధ్య తాడుకి కడతారట.
మంచుతుఫాను రాత్రి తోడేళ్ళొస్తే
ముందు ఆ ముడి విప్పాలట.
అంతే చెప్పి ఊరుకున్నాడు.
ఇది వాళ్ళకి చెప్పమనలేదు. నేనూ చెప్పలేదు.

గురువారం తెల్లబండి కట్ట దాటింది.
కల్వర్టు దాటింది.
తుమ్మల దాకా పోయి ఇంజను ఆపి
నాలుగు గంటలు నిలబడింది.
వెళ్ళినవాళ్ళు నలభై ఒక్కరు.
వచ్చినవాళ్ళు, రెండుసార్లు లెక్కపెట్టాను, నలభై ఒక్కరు.
రిపోర్టులో: "రేడియేటర్ వేడెక్కడం వల్ల ఆగవలసి వచ్చింది."
ఆ వాక్యం నా చేతే టైపు చేయించాడు.
ఒక్క తప్పు లేకుండా చేశాను.

పై గురువారం కూడా రేడియేటర్ వేడెక్కింది.

ఆ పైవారం కొత్త కెప్టెన్.
మంచివాడే. పిల్లలకి బిస్కెట్లిస్తాడు.
బండి కూడా కొత్తది, రేడియేటర్‌కి ఏ జబ్బూ లేదు.

అమ్మ రాతి మీద గొడ్డలి నూరుతోంది.
"ఇవాళ పలుపు ఎంత?" అంది, నావైపు చూడకుండా.
కట్ట దాకా, అన్నాను.
బొటనవేలితో పదును చూసుకుని
లేచి, న్యాజువోక్ వెనక నిలబడింది.