రెండు వేళ్ల లెక్క

చిత్తూరు లేబరాఫీసు వరండాలో
లాయరు హయత్ బాషా బుక్కు తెరిచి చదవతా ఉంటే
దేసమ్మ కుడిచెయ్యి కొంగు కిందనే పెట్టుకోని
ఇంటా ఉండాది.

చూపుడువేలు మొత్తం పోతే పద్నాలుగు శాతం.
నడిమివేలు మొత్తం పోతే పన్నెండు.
నేను వేళ్లు మడిచి కూడినా, ఇరవై ఆరు.
"అట్ల కాదుమే.
ఒకే చేతికి రెండు పోతే దానికి వేరే గీత ఉండాది.
ఇరవై."

తక్కిన ఆరు ఎవురు తినేసినారో
బుక్కులో రాసి లేదు.

పోయిన ఏడు సీజన్లో, బెంగుళూరా కాయ ధర పడిపోయి
బంగారుపాళెం రోడ్డు మింద ట్రాక్టర్లు నిలబడిపోతే
రైతులు లోడు మిందనే పండుకున్న రాత్రులు.
పల్పు మిషన్ మూతకు నాలుగు బోల్టులు.
టెంక ఇరుక్కున్నప్పుడంతా విప్పాల, మల్లా బిగించాల,
ఎనిమిది నిమిషాలు లాసు.
సూపర్‌వైజరు స్పానరు తెచ్చి
మూతనే ఊడదీసి రెండు ఇటికల మింద పడేసినాడు.
మాకు బల్ల దొరికింది అనుకుంటిమి.

నాలుగో రాత్రి, రెండున్నర.
స్విచ్చి అవతలి గదిలో ఉండాది.
ఆ డ్రమ్ములో గుజ్జు పారబోసినారా
డబ్బాలకు పట్టినారా
నన్ను అడగొద్దండి.

కంపెనీ రాసిచ్చింది: దేసమ్మ అనే మనిషి మా మస్టర్లో లేదు,
ఆమె మేస్త్రీ కుప్పస్వామి మనిషి.
కుప్పస్వామి రాసిచ్చినాడు: నేను ఆళ్లను తోలేవాణ్ణి,
మిషన్ నాది కాదు.
ఎవురి మనిషివని అడక్కుండా పట్టుకునింది
ఆ మిషన్ ఒకటే.
ఇంకో కాయితం కూడా ఉండాది.
మూత ఆమే తీసిందంట, వద్దన్నా ఇనకుండా.

"కంట్రాక్టరు మనిషైనా, పని ఫ్యాక్టరీదైతే
ముందు ఫ్యాక్టరీనే కట్టాల" అన్నాడు బాషా.
"జీతంలో అరవై శాతం, వయసుకు ఒక అంకె,
దాంట్లో ఇరవై. వయసెంతమ్మా?"
దేసమ్మకు తెలీదు.
ఆధార్లో మా ఊరోళ్లందరి మాదిరే
జనవరి ఒకటో తేదీ పుట్టింది.
సంగటి ముద్ద ఇప్పుడు
బొటనవేలికీ ఉంగరంవేలికీ నడాన పట్టుకుంటాది.
జారితే మల్లా పట్టుకుంటాది.
ఆ మల్లాకు ఎంత శాతమో నేను అడగలా.

"మూత సంగతి చెప్పే మనిషి కావాల"
అని బాషా నా తట్టు చూసినాడు.
దేసమ్మ చూడలా.
చూసుంటే నాకు కోపమన్నా వచ్చుండు.
సీజను మల్లా మొదలైంది.
రేపు రాత్రి షిఫ్టులో నా పేరుండాది,
ఈ తూరీ కుప్పస్వామి లిస్టే.

లోపల్నించి పిలిచినారు.
పేరు చెప్పినా. మొగుడి పేరు చెప్పినా.
మూత ఎవురు తీసినారో చెప్పినా.
"అది ప్రమాదం జరిగిన రాత్రి తీసింది కాదని
నీకెట్ల తెలుసు?" అన్నాడు కంపెనీ లాయరు.

"మూడు దినాలు దాని మింద
టీ గ్లాసులు పెట్టుకుంటిమి సార్.
పోయి చూడండి,
కడిగుండకపోతే
మరకలు ఇంకా ఉంటాయి, గుండ్రంగా.
దేసమ్మ గ్లాసుది కూడా."