దవడ పన్ను

యంత్రం వదిలేసిన ముళ్ళు తీయడం మా పని.
సాల్మన్ ముక్క మీద వేలు నడిపి వెతకాలి,
తగిలితే పట్టకారుతో లాగాలి, కండ చిరగకూడదు.
బల్లకు అటు నలుగురం, ఇటు నలుగురం.
నా ఎదురుగా నెలిదా.
జూలై నెల. చిలోయె దీవిలో జూలై అంటే
వాన ఆగదు, తొందరగా తెల్లారదు, బూట్లు ఆరవు.

సోమవారం ఆమె ఎడమ బుగ్గ వాచింది.
బుధవారానికి మాస్కు పట్టలేదు.

సెలవు కావాలంటే పదిహేను రోజుల ముందు చెప్పాలి.
"పన్ను నొప్పెడుతుందని ముందే తెలియదా నీకు?"
ఒసాందోన్ ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు.
అతని ముందు షిఫ్టుల చార్టు,
గళ్ళలో మా పేర్లు, పెన్సిలుతో.
పెన్సిలుతో ఎందుకో మాకు తెలుసు.

సరే వెళ్ళు, కానీ నీ చోట మనిషిని నువ్వే చూసుకో.
సరే వెళ్ళు, కానీ ఫోను ఎత్తాలి.
సరే వెళ్ళు, కానీ ముద్ర ఉన్న కాగితం తేవాలి.
ముల్లు లేని సరే ఒక్కటీ లేదు.

రాత్రి షిఫ్టు దిగిన యాస్నా
యాప్రాన్ విప్పకుండానే నెలిదా చోట నిలబడింది.
తొమ్మిదింటికి నిలబడే నిద్రపోతుంటే
మోచేత్తో పొడిచాను.
ఆ బాకీ ఎలా తీరాలో ముందే మాట అయిపోయింది:
యాస్నా కూతురి బడి పండగ నాడు నెలిదాకి రెండు షిఫ్టులు.
మాలో మేం డబ్బు అప్పు అడగం.
రోజులు అడుగుతాం.

కాస్త్రో ఆసుపత్రి ముందు అయిదున్నరకే వరుస.
డాక్టరు కుర్రపిల్ల. కుర్చీ అంచుకి మోకాలు తన్నిపెట్టి లాగిందట.
మధ్యలో ఆగి, ఏం పని చేస్తావని అడిగిందట.
"నీ పనే" అందట నెలిదా.

తిరుగు బస్సులో
నోటి నిండా దూది, సగం మొహం తనది కాదు.
ఫోను మోగింది.
ఒసాందోన్ ఏదో అన్నాడు, గతుకుల్లో వినబడలేదు.
"ఊఁ" అంది.
ఇంకేదో అడిగాడు.
"ఊఁ."

శుక్రవారం చార్టులో చూసుకుంది:
ఆదివారం, పొద్దున నాలుగింటి నుంచి, నెలిదా వెంతేఓ.
"నువ్వే ఒప్పుకున్నావు."
"నోట్లో దూది ఉంది."
"ఆ సంగతి చెప్పలేదే!"

కాగితం మీద ముద్ర వానకు కారి నీలం మరకైంది.
మరి పన్ను పీకారనడానికి రుజువేది?
ఆమె జేబులోంచి అగ్గిపెట్టె తీసింది,
చార్టు మీద, సరిగ్గా ఆదివారం గడిలో బోర్లించింది.
మూడు వేర్ల దవడ పన్ను.
ఒక వేరుకి ఎండిన నెత్తురు.

అతను పెన్సిలు మొనతో దాన్ని కొంచెం కదిపాడు.
"ఇది పీకడానికి ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది" అన్నాడు,
"మిగతా గంటలన్నీ ఏం చేశావు?"

ఆమె బల్ల మీద గుద్దిందని చెప్పాలని ఉంది నాకు.
పట్టకార్లన్నీ ఒక్కసారి కింద పడ్డాయని చెప్పాలని ఉంది.
పంటి బిగువున ఊరుకుందని కూడా అనలేను,
బిగించడానికి ఆ పక్కన ఏముంది?
ఆదివారం నాలుగింటికి వచ్చింది. నేనూ వచ్చాను.
యాస్నా కూడా, మరెవరి బాకీయో తీర్చడానికి.

ఒకటి మాత్రం జరిగింది.
ఒసాందోన్ బల్లల మధ్య నడుస్తూ
పై ఆదివారం ఎవరెవరొస్తారని అడిగాడు.
"ఊఁ" అంది నెలిదా తల ఎత్తకుండా.
"ఊఁ అంటే?"
"ఊఁ" అన్నాడు ముసలి రొసామెల్.
ఊఁ, అన్నాను.
కథ వింటున్న పిల్లల్లా బల్ల చివరిదాకా ఊ కొట్టాం.
పెన్సిలు గాల్లోనే ఉండిపోయింది.
ఏ గడిలో ఏం రాయాలో అతనికి తోచలేదు.
సాయంత్రానికి తోచింది, అది వేరే సంగతి.

పన్ను తిరిగి ఇవ్వలేదు. కాగితాలతో పాటు సొరుగులో ఉందంటారు.
చేతులు ముళ్ళు వెతుకుతున్నంతసేపూ
నెలిదా నాలుక ఆ గుంటలోకే పోతుందట.
దీపం కింద నోరు తెరిచి నాకు చూపించింది:
"ఈ ఏడాది నాకు దొరికిన ఖాళీ ఇదే."
నవ్వబోయి ఆగిపోయింది.
లోపల ఇంకా పచ్చిగానే ఉంది.