ఎడమ పక్క

బర్న్‌లీలో వాన ఉద్యోగం చేసినట్టు కురుస్తుంది,
సెలవు పెట్టదు.
ఆ వానలో, మూతబడ్డ నేతమిల్లు వెనక,
మూడో నంబరు గ్యారేజీ ముందు
కారు డిక్కీ తెరిచి నిలబడ్డాను.
సీట్లు మడిచాను. పాత దుప్పట్లు రెండు తెచ్చాను.
జేబులో నాలుగు వందల పౌండ్లు,
బేకరీ ఓవర్‌టైములోంచి
ఇంట్లో లెక్క చెప్పకుండా మిగిల్చినవి.

ఆర్మెరాడ్ షట్టరు ఎత్తాడు.
డెబ్బై దాటిన మనిషి, వేళ్లకి ఇంకా నల్లటేపు జిగురు.
ఊరూరా క్లబ్బుల్లో, డాన్సు హాళ్లలో
వేరేవాళ్ల గొంతులకి ఎత్తూ పల్లం దిద్దినవాడు.
టార్పాలిన్ కింద ఒక మిక్సరు, ఒక ఆంప్లిఫయరు,
నా నడుమెత్తు స్పీకర్లు రెండు,
మూలలకి ఇనప తొడుగులు, ముందు జల్లెడలాంటి గ్రిల్లు,
అది ఒకచోట సొట్ట.
"బోల్టన్‌లో ఒకడు కుర్చీ విసిరాడు," అన్నాడు.
"పాట బాగోలేక కాదు,
పెళ్లాం ఇంకొకడితో డాన్సు చేస్తోందని."

ఆంప్లిఫయర్ని తడిమాడు,
అమ్మేముందు గేదె వీపు నిమిరినట్టు.
"ముప్ఫయ్యేళ్లు. ఒక్క లోపం లేదు. విను."
స్విచ్చి వేశాడు.

విన్నాను.
ఎడమ పక్క స్పీకర్లో
నూనె కాగేటప్పటి చిటచిట,
దానిమీద దోమ కూడా కాదు,
దోమ తలపులాంటి సన్నటి రొద.
నా చెవిదేమోనని తల తిప్పాను.
తిప్పినా అక్కడే.
ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు,
లెక్క చేసిన పిల్లవాడు పంతులుకేసి చూసినట్టు.
"ఎంత నిశ్శబ్దమో!"

పాటంటే చెవి కోసుకుంటానని
నేను మాటవరసకి అంటూంటాను.
ఈయన నిజంగానే ఇచ్చేశాడు.
ఈ పెట్టెల పక్కన నిలబడీ నిలబడీ
పై స్వరాలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి,
చెప్పు మడమలా, ఒక పక్కకి.
ఆయనకది నిశ్శబ్దమే. అబద్ధం కాదు.

నేను బేరగాణ్ణి. మాట సిద్ధంగా ఉంది:
కెపాసిటర్లు ఎండిపోయాయి, వంద తగ్గించండి.
నిజం. న్యాయం కూడా.
నాలుక కొసదాకా వచ్చి
సొట్ట దగ్గరికి మళ్లింది.
"గ్రిల్లు చూడండి, పెయింటు కూడా లేచింది," అన్నాను,
"ఓ ఇరవై తగ్గించండి."
హుషారొచ్చింది ఆయనకి. పది అన్నాడు.
పదిహేను దగ్గర చేతులు కలిపాం.
దారంతా అనుకున్నాను,
ఎనభై అయిదు పౌండ్ల మర్యాద చేశానని.
మర్యాదో, పిరికితనమో.

"ఇవి స్పీకర్లా, బీరువాలా?" అంది సుభాషిణి.
సోఫా జరిగింది. బట్టలారేసే స్టాండు మేడెక్కింది.
పక్కింటి బెరిల్ గారికి
గోడనున్న పింగాణీ పళ్లేలు దింపుకోమని చెప్పొచ్చాం.
మిక్సరు మీద ఆయన అంటించిన టేపు అలాగే ఉంది,
మాసిన అక్షరాలు: బాసు, డ్రమ్ము, జీన్.
జీన్ మీట ఒక్కటే
మిగతావాటికన్నా నున్నగా అరిగింది.
ఎవరో అడగాల్సింది.

అర్ధరాత్రి మూత విప్పాను.
సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది.
మూడు కెపాసిటర్లు బల్లమీద వరసగా,
మొత్తం కలిపి నాలుగు పౌండ్ల సరుకు.
తీసేముందు ఇంకొక్కసారి విందామని
స్విచ్చి వేశాను.

పైన నిద్రలోంచి లేచి
సుభాషిణి వంటింట్లోకి వెళ్లొచ్చింది.
"స్టవ్వు ఆపే ఉంది," అంది,
"మరి నూనె ఎక్కడ కాగుతోంది?"